జూల్ జాన్సెన్

పియర్ జూల్ సెజార్ జాన్సెన్ (1824 ఫిబ్రవరి 22 - 1907 డిసెంబరు 23) ప్రసిద్ధ ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుని భౌతిక స్వరూపాన్ని వర్ణపటం ద్వారా పరిశోధించినవారిలో అగ్రగణ్యుడు. 1868 ఆగష్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆంధ్రదేశంలోని గుంటూరు నుండి పరిశీలించి, సూర్యుని అంచున కనిపించే జ్వాలలు వాయురూపంలో ఉన్నాయని నిర్ధారించాడు. మరునాడు అక్కడే, గ్రహణంతో పనిలేకుండా ఆ జ్వాలలను పట్టపగలు పరిశీలించే పద్ధతిని కనుగొన్నాడు. పారిస్ సమీపాన గల మ్యుడాన్ వేధశాలకు ఈయన స్థాపకుడు.

హీలియం అనే మూలకాన్ని జాన్సెన్ గుంటూరులో కనుగొన్నాడని పుస్తకాలలోనూ పత్రికలలోనూ తరచు కనిపిస్తుంది. వాస్తవం దీనికి కొంత భిన్నమైనది. గుంటూరులో జరిగినది ఒక మూలకాన్ని కనుగొనడం కాదు, సూర్యుని చూచే ఒక కొత్త మార్గాన్ని కనుగొనడం. హీలియం కథ ఆ మార్గం వెంట నడచిన తదుపరి అధ్యాయం.

బాల్యము, విద్య

జాన్సెన్ పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. ఆయన పూర్వులు బెల్జియం ప్రాంతానికి చెందినవారు. తల్లి ఒక వాస్తుశిల్పి కుమార్తె. పసితనంలో జరిగిన ప్రమాదం వలన జాన్సెన్ కాలికి అవిటితనం ఏర్పడి జీవితాంతం కుంటుతూ నడిచాడు. ఈ కారణం చేత ఇతడు తోటి పిల్లలవలె బడికి వెళ్ళి క్రమంగా చదువుకోలేదు. కుటుంబ ఆర్థిక పరిస్థితి క్షీణించడంతో యౌవనంలో కొన్నేళ్ళు బ్యాంకులో ఉద్యోగం చేయవలసి వచ్చింది.

ఉద్యోగం చేస్తూనే స్వయంకృషితో చదువు కొనసాగించాడు. 1852లో పారిస్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో పట్టా పొందాడు. తరువాత కొంతకాలం ఉపాధ్యాయునిగా పనిచేశాడు. 1857లో భూమి అయస్కాంత మధ్యరేఖను నిర్ణయించే పనిమీద దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్ళాడు కానీ, అక్కడ తీవ్రమైన అనారోగ్యానికి గురై మరుసటి సంవత్సరం తిరిగిరావలసి వచ్చింది. 1860లో డాక్టరేటు పట్టా పొందాడు. కంటిలోని ద్రవపదార్థాలు ఉష్ణకిరణాలను ఏ విధంగా పీల్చుకొంటాయన్నది అతని సిద్ధాంత వ్యాసానికి విషయం.

వర్ణపట పరిశోధనలు

సూర్యకాంతిని గాజుపట్టకం గుండా పంపితే ఏర్పడే ఏడురంగుల పట్టీలో సన్నని నల్లని గీతలు అనేకం ఉంటాయి. జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ వీటిని 1814లో వివరంగా గుర్తించి ముఖ్యమైన వాటికి ఎ, బి, సి, డి అని అక్షరాలతో పేర్లు పెట్టాడు. ఆ గీతలు ఎందుకు ఏర్పడతాయో 1859 వరకు తెలియలేదు. ఆ సంవత్సరం కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రవేత్తలు ప్రతి మూలకానికీ దానికే ప్రత్యేకమైన గీతలు ఉంటాయనీ, మండుతున్న వాయువు ఆ గీతలను ప్రకాశవంతంగా చూపుతుందనీ, అదే వాయువు మరింత వేడియైన వస్తువుకు అడ్డుగా ఉన్నప్పుడు అవే గీతలు నల్లగా కనిపిస్తాయనీ తెలియజేశారు. దీనితో కోట్ల మైళ్ళ దూరాన ఉన్న సూర్యునిలో ఏ పదార్థాలున్నాయో భూమి మీద కూర్చుండి తెలుసుకొనే అవకాశం కలిగింది.

జాన్సెన్ ఈ కొత్త శాస్త్రాన్నే తన జీవిత మార్గంగా ఎంచుకొన్నాడు. సౌరవర్ణపటంలోని కొన్ని గీతలు సూర్యుడు ఉదయించేటప్పుడూ అస్తమించేటప్పుడూ చిక్కబడుతున్నాయి. అవి సూర్యునివి కావనీ, కాంతి మన వాతావరణం గుండా ఎక్కువ దూరం ప్రయాణించడం వలన ఏర్పడుతున్నాయనీ ఇతడు నిరూపించాడు. ఇందుకోసం 1864లో స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ పర్వతం ఎక్కాడు. జెనీవా సరస్సు ఒక ఒడ్డున కట్టెల మంట వేయించి దాదాపు 21 కిలోమీటర్ల దూరం నుండి ఆ మంట కాంతిని పరిశీలించాడు. 1866లో పారిస్‌లోని ఒక గ్యాసు కర్మాగారంలో 37 మీటర్ల పొడవైన ఇనుప గొట్టాన్ని నీటి ఆవిరితో నింపి, దాని గుండా కాంతిని పంపి, నీటి ఆవిరి కలిగించే గీతలను గుర్తించాడు. ప్రశ్న ఎక్కడ ఉంటే అక్కడికి పరికరాన్ని మోసుకొనిపోవడం జాన్సెన్ పరిశోధనలో మొదటి నుండీ కనిపించే లక్షణం.

1868 సూర్యగ్రహణము

సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో చంద్రబింబం చుట్టూ కరోనా అనే తెల్లని కాంతి వలయం, అంచున అక్కడక్కడ ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. ప్రామినెన్సులు అనబడే ఈ సౌరజ్వాలలు చంద్రునివా, సూర్యునివా అన్న వివాదం చాలాకాలం సాగింది. 1860లో స్పెయిన్‌లో తీసిన గ్రహణ ఛాయాచిత్రాల వలన అవి సూర్యునివేనని తేలింది. కానీ అవి ఏ పదార్థంతో ఏర్పడ్డాయో తెలియలేదు. వర్ణపట దర్శినితో చూస్తే తెలుస్తుంది. అయితే సంపూర్ణ గ్రహణం కొద్ది నిమిషాలకు మించి ఉండదు. ఒకే ప్రదేశంలో మరల సంపూర్ణ గ్రహణం కనిపించడానికి సగటున మూడున్నర శతాబ్దాలకు పైగా పడుతుంది.

1868 ఆగష్టు 18 నాటి గ్రహణం అసాధారణమైనది. గరిష్ఠంగా దాని సంపూర్ణ దశ 6 నిమిషాల 47 సెకండ్లు. చంద్రుని నీడ ఏడెన్ మీదుగా వచ్చి, దక్కను పీఠభూమిపై బీజాపూరు ప్రాంతం నుండి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతం చేరి, అక్కడి నుండి సయాం, అనగా నేటి థాయిలాండు వైపు సాగింది. ఈ నీడ దారిలో వివిధ దేశాల పరిశోధకులు మజిలీలు ఏర్పరచుకొన్నారు. బీజాపూరు వద్ద జర్మన్లు, జంఖండిలో లెఫ్టినెంటు జాన్ హెర్షెల్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్, గుంటూరులో మేజర్ జేమ్స్ టెన్నంట్ పరిశీలించారు. స్టెఫాన్, రాయె మొదలైన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సయాం వెళ్ళారు. సయాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా గణితం చేసి, గ్రహణాన్ని చూడడానికి అడవి ప్రాంతానికి వెళ్ళి, అక్కడ సోకిన జ్వరంతో ఆ సంవత్సరం అక్టోబరు 1న మరణించాడు. నాటి ఖగోళ యాత్రలు ఎంత ప్రమాదభరితమైనవో దీనిని బట్టి తెలుస్తుంది.

గుంటూరు యాత్ర

జాన్సెన్ 1868 జూన్‌లో మార్సే రేవులో ఓడ ఎక్కి జులైలో మద్రాసు చేరాడు. అప్పటికి సూయజ్ కాలువ తెరవలేదు. అది మరుసటి సంవత్సరం ప్రారంభమైంది. మద్రాసులోని బ్రిటిషు అధికారులు అతనికి అవసరమైన సహాయం చేశారు.

పరిశీలనకు జాన్సెన్ గుంటూరును ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఆ ఊరు నీడ దారి మధ్యరేఖకు దగ్గరగా ఉంది. రెండవది వాతావరణం. ఆగష్టు నైరుతి రుతుపవన కాలం. పశ్చిమాన కొండల మీద మబ్బు, తూర్పున సముద్రతీరాన తేమ ఎక్కువ. రెంటికీ నడుమ ఉన్న మైదానంలో ఆకాశం నిర్మలంగా ఉండే అవకాశం ఎక్కువని అతడు భావించాడు.

నేడు పెద్ద నగరమైన గుంటూరు అప్పటికి జిల్లా కేంద్రం కూడా కాదు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి మచిలీపట్నం కేంద్రంగా గల కృష్ణా జిల్లాలో కలిపారు. గుంటూరు మళ్ళీ ప్రత్యేక జిల్లా అయినది 1904లోనే. ఫ్రెంచివారికి ఈ ప్రాంతం కొత్తది కాదు. 1750ల దశకంలో కొండవీటి సర్కారు కొంతకాలం వారి చేతిలో ఉండేది. 1868లో కూడా గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడు నివసిస్తూ ఉండేవాడు. జాన్సెన్ ఆయన ఇంట బసచేసి, అక్కడే మేడమీద తన దూరదర్శినినీ వర్ణపట దర్శినులనూ అమర్చుకొన్నాడు. శాశ్వతమైన కట్టడం ఏదీ లేని ఈ తాత్కాలిక వేధశాల నుండే అతని జీవితంలోని అతిముఖ్యమైన పరిశీలన జరిగింది.

గ్రహణము నాటి పరిశీలన

గ్రహణానికి ముందు రోజులలో వర్షాలు పడి సందేహం కలిగించినా, ఆగష్టు 18 ఉదయం జాన్సెన్ పనికి ఆకాశం అనుకూలించింది. గుంటూరులో సంపూర్ణ దశ 5 నిమిషాలకు పైగా ఉంది. సూర్యుడు పూర్తిగా మరుగుపడగానే అంచున రెండు పెద్ద జ్వాలలు కనిపించాయి. అందులో ఒకటి మిక్కిలి ఎత్తైనది. టెన్నంట్ బృందం తీసిన ఛాయాచిత్రాలలో కూడా కొమ్ము ఆకారంలో ఉన్న ఈ జ్వాల స్పష్టంగా కనిపిస్తుంది.

జాన్సెన్ వర్ణపట దర్శిని చీలికను ఆ జ్వాలలపైకి తిప్పాడు. ఏడురంగుల పట్టీకి బదులు చీకటిలో కొన్ని ప్రకాశవంతమైన గీతలు మాత్రమే కనిపించాయి. కిర్కాఫ్ సూత్రం ప్రకారం దీని అర్థం ఒక్కటే. సౌరజ్వాలలు ఘనపదార్థాలు గానీ మేఘాలు గానీ కావు, కాంతిని వెలువరించే వాయురాశులు. ముఖ్యమైన గీతల స్థానాలను బట్టి ఆ వాయువులో హైడ్రోజన్ ప్రధానమని తేలింది. ఈ నిర్ణయానికి జాన్సెన్ ఒక్కడే రాలేదు. టెన్నంట్, హెర్షెల్, పోగ్సన్, రాయె మొదలైనవారు కూడా తమ తమ మజిలీలలో అదే దినం ప్రకాశవంతమైన గీతలను చూశారు.

అయితే జాన్సెన్ మరొక విషయం గమనించాడు. ఆ గీతలు అత్యంత ప్రకాశవంతంగా ఉన్నాయి. ఇంత ప్రకాశం ఉన్న గీతలు గ్రహణం లేనప్పుడు మాత్రం కనిపించకుండా ఎందుకు పోవాలన్న ఆలోచన అతనికి గ్రహణ సమయంలోనే కలిగింది. ఆనాటి సాయంకాలం మబ్బు కమ్మడం వలన వెంటనే పరీక్షించడానికి వీలుకాలేదు.

గ్రహణము లేకుండా సౌరజ్వాలల దర్శనం

మరునాడు, ఆగష్టు 19న, జాన్సెన్ తెల్లవారకముందే సిద్ధమై సూర్యోదయం కోసం నిరీక్షించాడు. సూర్యుడు ఉదయించిన తరువాత దూరదర్శినిలోని సూర్యబింబపు అంచు మీద, కొంత భాగం లోపలికీ కొంత భాగం వెలుపలికీ ఉండేటట్లు చీలికను నిలిపాడు. వర్ణపటం ఎర్రని భాగంలో హైడ్రోజన్ గీత ఉండే చోట, బింబపు అంచు వెలుపల, ప్రకాశవంతమైన గీత కనిపించింది. చీలికను అంచు వెంట కొద్దికొద్దిగా జరుపుతూ ఆ గీత పొడవును గుర్తిస్తూ పోతే జ్వాల ఆకారం మొత్తం తెలిసింది. ముందురోజు గ్రహణంలో చూచిన పెద్ద జ్వాల ఒక్క దినంలోనే రూపం మారిపోయిందని కూడా ఈ విధంగా బయటపడింది.

ఈ పద్ధతి పనిచేసే తీరును సులభంగా గ్రహించవచ్చు. పగటిపూట సౌరజ్వాలలు కనిపించకపోవడానికి కారణం వాటి కాంతి తక్కువ కావడం కాదు. మన వాతావరణంలో చెదరిన సూర్యకాంతి వాటిని కప్పివేయడం. ఈ చెదరిన కాంతిలో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకాలతో వర్ణపటాన్ని పొడవుగా సాగదీసేకొద్దీ ఆ కాంతి అంత పొడవునా పంచబడి పలచబడుతుంది. జ్వాల కాంతి మాత్రం రెండు మూడు గీతలలోనే కేంద్రీకృతమై ఉంటుంది. ఎంత సాగదీసినా గీత గీతగానే ఉంటుంది, దాని ప్రకాశం అంతగా తగ్గదు. అందువలన తెర పలచబడి, వెనుకనున్న గీత బయటపడుతుంది. ఆకాశంలో చంద్రుడు చేసే పనిని ఇక్కడ పట్టకాలు చేశాయి.

జాన్సెన్ గుంటూరులో వరుసగా 17 రోజులు, సెప్టెంబరు 4 వరకు, ఈ పరిశీలనలు కొనసాగించాడు. అంతకు పూర్వం ప్రపంచంలోని శాస్త్రజ్ఞులందరూ కలిసి సౌరజ్వాలలను చూచిన సమయం కొన్ని నిమిషాల లెక్కలోనిది. గుంటూరులో అది దినాల లెక్కకు మారింది.

కాకినాడ నుండి లేఖ

గుంటూరు పని ముగిసిన తరువాత జాన్సెన్ తన పరిశీలనల వివరాలను సెప్టెంబరు 19న కాకినాడ నుండి పారిస్‌లోని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి లేఖగా వ్రాశాడు. కాకినాడను నాటి ఆంగ్లేయులు, ఫ్రెంచివారు కోకనాడ అనేవారు. ఆ లేఖ ఓడలో పారిస్ చేరడానికి నెలకు పైగా పట్టింది.

ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే 32 ఏళ్ళ యువకుడు అదే ఆలోచనను స్వతంత్రంగా ఆచరణలో పెట్టాడు. యుద్ధశాఖలో గుమాస్తాగా పనిచేస్తూ తీరికవేళల్లో ఖగోళ పరిశోధన చేసే లాకియర్, తనకు కావలసిన వర్ణపట దర్శిని తయారీలో జాప్యం జరగడం వలన చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది. పరికరం చేతికి వచ్చాక 1868 అక్టోబరు 20న అతడు గ్రహణం లేకుండానే సౌరజ్వాలల గీతలను చూశాడు.

జాన్సెన్ లేఖ, లాకియర్ పరిశీలన వార్త రెండూ 1868 అక్టోబరు 26 నాటి అకాడమీ సమావేశానికి కొద్ది నిమిషాల తేడాతో చేరాయి. తేదీని బట్టి చూస్తే జాన్సెన్ రెండు నెలలు ముందు. లాకియర్ గ్రహణం చూడకుండానే, జాన్సెన్ సంగతి తెలియకుండానే ఫలితం సాధించాడు. ఎవరిది ప్రథమ స్థానమన్న వివాదానికి తావీయకుండా అకాడమీ ఇద్దరినీ సమానంగా గౌరవించింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖచిత్రాలు ఒకే వైపున గల పతకాన్ని ముద్రించింది. జాన్సెన్, లాకియర్ ఆ తరువాత కూడా మిత్రులుగానే ఉన్నారు.

హీలియం

1868 గ్రహణ సమయంలో భారతదేశంలోనూ సయాంలోనూ పరిశీలించిన పలువురు సౌరజ్వాలల వర్ణపటంలో ఒక పసుపుపచ్చని గీతను చూశారు. సోడియం మూలకానికి చెందిన డి గీతలు కూడా పసుపు భాగంలోనే ఉంటాయి కనుక, ఇది కూడా సోడియం గీతయే అని ఎక్కువమంది తలచారు. గ్రహణపు కొద్ది నిమిషాలలో అంతకంటె నిశితంగా కొలవడం కష్టం.

కొత్త పద్ధతి వలన తొందర లేకుండా కొలిచే అవకాశం వచ్చింది. లాకియర్ అలా కొలిచి, ఈ పసుపు గీత సోడియం గీతలతో ఏకీభవించడం లేదని గుర్తించాడు. నేటి లెక్కల ప్రకారం సోడియం గీతల తరంగదైర్ఘ్యం 589.0, 589.6 నానోమీటర్లు. కొత్త గీతది సుమారు 587.6 నానోమీటర్లు. దీనికి డి3 అని పేరు వచ్చింది. రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ప్రయోగశాలలో ఎంత ప్రయత్నించినా తెలిసిన ఏ మూలకంతోనూ ఆ గీతను తెప్పించలేకపోయారు. అందువలన అది భూమి మీద తెలియని మూలకానిదై ఉండవచ్చని భావించి, గ్రీకు భాషలో సూర్యుడు అని అర్థం వచ్చే హీలియోస్ నుండి హీలియం అనే పేరు పెట్టారు. 1871 నాటికి ఈ పేరు వాడుకలోకి వచ్చింది. చాలామంది శాస్త్రజ్ఞులు దీనిని నమ్మలేదు. 1895 మార్చిలో విలియం రామ్సే లండనులో క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుండి వెలువడిన వాయువులో అదే గీతను చూడడంతో హీలియం భూమి మీద కూడా ఉందని రుజువయింది.

కనుక పసుపు గీతను ప్రత్యేకంగా కొలిచి కొత్తదని చెప్పిన ఘనత లాకియర్‌ది. ఆ కొలతను సాధ్యం చేసిన పద్ధతిని అందరికంటె ముందు ఆచరణలో చూపిన ఘనత జాన్సెన్‌ది. గుంటూరు పేరు హీలియం చరిత్రలో ఉండవలసినదే కానీ, అది ఈ అర్థంలో మాత్రమే.

భారతదేశంలో తదుపరి యాత్రలు

కాకినాడ తరువాత జాన్సెన్ ఉత్తర భారతానికి వెళ్ళి హిమాలయాలలోని సిమ్లాలో కొంతకాలం గడిపాడు. ఎత్తైన ప్రదేశంలో నీటి ఆవిరి తక్కువగా ఉండే గాలిలో సౌరవర్ణపటం ఎలా ఉంటుందో అక్కడ పరిశీలించాడు. సౌరజ్వాలల పరిశీలననూ కొనసాగించాడు. 1869లో ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళాడు.

1871 డిసెంబరు 12న మరల దక్షిణ భారతంలో సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. జాన్సెన్ ఈసారి నీలగిరులలో ఉదకమండలం సమీపాన గల షోలూరును ఎంచుకొన్నాడు. ఈసారి అతని దృష్టి కరోనాపై ఉంది. కరోనా కాంతిలో హైడ్రోజన్ గీతలతో పాటు, సూర్యకాంతి ప్రతిఫలించడం వలన వచ్చే నల్లని గీతలను కూడా గుర్తించి, కరోనా భూవాతావరణం కలిగించే భ్రమ కాదనీ సూర్యునికి చెందిన నిజమైన ఆవరణమేననీ తెలియజేశాడు. లాకియర్ కూడా ఇదే గ్రహణానికి భారతదేశం వచ్చి పశ్చిమ తీరంలోని బేకల్ కోట నుండి పరిశీలించాడు.

బెలూను ప్రయాణము

ఈ రెండు భారత యాత్రల నడుమ జాన్సెన్ జీవితంలో సాహసోపేతమైన ఘట్టం ఒకటి జరిగింది. 1870 డిసెంబరు 22న అల్జీరియాలో సంపూర్ణ గ్రహణం కనిపించవలసి ఉంది. అప్పుడు పారిస్ నగరాన్ని ప్రష్యా సైన్యాలు ముట్టడించి ఉన్నాయి. నగరం విడిచి వెళ్ళే మార్గం లేదు. జాన్సెన్ డిసెంబరు 2 వేకువజామున తన పరికరాలతో సహా వోల్టా అనే బెలూను ఎక్కి, శత్రుసైన్యాల మీదుగా ఎగిరి, అట్లాంటిక్ తీరానికి సమీపంలో క్షేమంగా దిగాడు. అక్కడి నుండి అల్జీరియాలోని ఒరాన్ చేరాడు. గ్రహణ సమయానికి ఆకాశం మబ్బు పట్టింది. ఇంత శ్రమా వృథా అయింది. చంద్రుని నీడపై మాత్రమే ఆధారపడిన శాస్త్రం ఎంత అనిశ్చితమైనదో ఈ సంఘటన తెలుపుతుంది.

శుక్ర సంక్రమణము - నాగసాకి

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగింది. భూమికీ సూర్యునికీ గల దూరాన్ని లెక్కకట్టడానికి ఇటువంటి సంక్రమణాలు ఉపయోగపడతాయి. శుక్రుడు సూర్యుని అంచును తాకే క్షణాన్ని కచ్చితంగా గుర్తించడం ఇందులో కీలకం. కంటితో చూచేవారి లెక్కలు ఒకరితో ఒకరికి పొసగకపోవడం పాత సమస్య. దీనికి పరిష్కారంగా జాన్సెన్ తిరిగే పళ్ళెం మీద వరుసగా 48 ఛాయాచిత్రాలను తీయగల పరికరాన్ని రూపొందించాడు. దీనిని ఛాయాచిత్ర రివాల్వరు అనేవారు.

ఈ పరికరంతో అతడు జపాన్‌లోని నాగసాకి వెళ్ళి కొంపిరా కొండ మీద మజిలీ ఏర్పరచాడు. ఆ యాత్రకు గుర్తుగా నిలిపిన స్మారకం నాగసాకిలో ఉంది. అదే సంక్రమణాన్ని విశాఖపట్నంలోని తమ స్వంత వేధశాల నుండి అంకితం వెంకట నరసింగరావు పరిశీలించడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

కదలికను వరుస చిత్రాలుగా పట్టుకొన్న తొలి పరికరాలలో ఒకటిగా జాన్సెన్ రివాల్వరుకు చలనచిత్ర చరిత్రలో స్థానం లభించింది. 1895 జూన్‌లో ఛాయాచిత్రకారుల సమావేశానికి వచ్చిన జాన్సెన్‌ను లూమియేర్ సోదరులు తమ కొత్త యంత్రంతో చిత్రీకరించారు.

మ్యుడాన్ వేధశాల

1873లో జాన్సెన్ విజ్ఞాన అకాడమీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. నక్షత్రాల స్థానాలను కొలవడమే ప్రధానంగా గల పాత వేధశాలలకు భిన్నంగా, గ్రహనక్షత్రాల భౌతిక స్వరూపాన్ని పరిశోధించే ప్రత్యేక వేధశాల అవసరమని అతడు వాదించాడు. ఫలితంగా 1876లో పారిస్ సమీపాన మ్యుడాన్‌లో, 1871లో అగ్నికి ఆహుతియైన రాజభవనపు శిథిలాల వద్ద, వేధశాల ఏర్పడింది. జాన్సెన్ జీవితాంతం దానికి అధిపతిగా ఉన్నాడు. అక్కడ సూర్యుని ఛాయాచిత్రాలు వేలసంఖ్యలో తీశారు. వాటిలో ముఖ్యమైన వాటితో ఒక చిత్రసంపుటాన్ని తన చివరి సంవత్సరాలలో ప్రకటించాడు. 83 సెంటీమీటర్ల వ్యాసం గల కటకంతో నిర్మించిన అక్కడి దూరదర్శిని ఆ తరహాలో ఐరోపా ఖండంలోకెల్లా పెద్దది.

1883లో పసిఫిక్ సముద్రంలోని కారొలైన్ ద్వీపంలో గ్రహణ పరిశీలన చేశాడు. 1884లో ప్రపంచానికంతటికీ ఒకే మూల మధ్యాహ్నరేఖను నిర్ణయించడానికి వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో ఫ్రాన్సు ప్రతినిధిగా పాల్గొన్నాడు. ఆ రేఖ ఏ ఒక్క దేశానికీ చెందని తటస్థమైన చోట ఉండాలని వాదించాడు. సమావేశం మాత్రం గ్రీనిచ్‌నే ఎన్నుకొంది.

మౌంట్ బ్లాంక్ శిఖరము

సౌరవర్ణపటంలోని ఆక్సిజన్ గీతలు సూర్యునివా, మన గాలివా అన్న ప్రశ్నను జాన్సెన్ వృద్ధాప్యంలో చేపట్టాడు. 1889లో కొత్తగా కట్టిన ఈఫిల్ టవరు మీది దీపకాంతిని మ్యుడాన్ నుండి పరిశీలించాడు. గాలి పలుచగా ఉండే ఎత్తులలో ఆ గీతలు ఎలా మారతాయో చూడడానికి ఆల్ప్స్ పర్వతాలలోని మౌంట్ బ్లాంక్ ఎక్కాడు. నడవలేని స్థితిలో ఉన్నందున స్లెడ్జి బండిలో కూర్చుండగా మనుషులు తాళ్ళతో లాగుతూ మంచుకొండపైకి తీసుకొనిపోయారు. పైకి పోయేకొద్దీ ఆ గీతలు బలహీనపడటాన్ని బట్టి అవి భూవాతావరణానికి చెందినవేనని నిర్ణయించాడు.

1893లో 4,800 మీటర్లకు పైగా ఎత్తుగల ఆ శిఖరం మీదనే చిన్న వేధశాల నిర్మింపజేశాడు. అడుగున రాయి దొరకనందున దానిని మంచు మీదనే నిలిపారు. 69 ఏళ్ళ వయసులో జాన్సెన్ స్వయంగా అక్కడికి వెళ్ళి పరిశీలనలు చేశాడు. కాలక్రమంలో ఆ కట్టడం మంచులో కుంగిపోవడంతో 1909లో తొలగించారు.

మరణము, స్మృతి

జాన్సెన్ 1905లో స్పెయిన్‌లో కనిపించిన గ్రహణానికి కూడా వెళ్ళాడు. 1907 డిసెంబరు 23న మ్యుడాన్‌లో, 83 ఏళ్ళ వయసులో మరణించాడు. ఇతని భార్య పేరు హెన్రియెట్, కుమార్తె పేరు ఆంతువానెట్. జాన్సెన్ దూరయాత్రల నుండి భార్యకు వ్రాసిన ఉత్తరాలు అతని జీవితచరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. చంద్రుని మీద ఒక పెద్ద బిలానికీ, అంగారకుని మీద మరొక బిలానికీ ఇతని పేరు పెట్టారు.

గుంటూరు పరిశీలన ప్రాముఖ్యత

గుంటూరులో మొదలైన పద్ధతి త్వరగా అభివృద్ధి చెందింది. 1869లో ఇంగ్లండుకు చెందిన హగ్గిన్స్ చీలికను వెడల్పు చేసి జ్వాల ఆకారం మొత్తాన్ని ఒక్కసారిగా చూడగలిగాడు. 1890ల దశకంలో అమెరికాలో హేల్, ఫ్రాన్సులో దెలాంద్ర్ ఒకే గీత కాంతితో సూర్యుని ఛాయాచిత్రాలు తీసే యంత్రాలను నిర్మించారు. జాన్సెన్ తరువాత మ్యుడాన్ వేధశాల బాధ్యత దెలాంద్ర్ స్వీకరించాడు. మద్రాసు వేధశాల పనిని 1899లో అందుకొన్న కొడైకెనాల్ వేధశాలలో 20వ శతాబ్ది తొలి దశకం నుండి ఇటువంటి సౌరచిత్రాల సేకరణ సాగింది.

ఈ పద్ధతితో జ్వాలలు చూడగలిగారు కానీ, వాటికంటె ఎంతో మసకగా ఉండే కరోనా మాత్రం లొంగలేదు. మ్యుడాన్ వేధశాలకే చెందిన బెర్నార్ లియో 1930ల ప్రారంభంలో దూరదర్శిని లోపలనే సూర్యబింబాన్ని కప్పివేసే కరోనాగ్రాఫ్ అనే పరికరంతో దానిని కూడా సాధించాడు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఆదిత్య-ఎల్1 ఉపగ్రహంలో ఉన్న ప్రధాన పరికరం కూడా ఒక కరోనాగ్రాఫే. గ్రహణం కోసం గుంటూరు వరకు వచ్చిన జాన్సెన్, గ్రహణం కోసం ఎదురుచూడవలసిన అవసరాన్ని తగ్గించే మార్గాన్ని తెలుగునేలపై కనుగొని వెళ్ళాడు. ఒకటిన్నర శతాబ్దాల తరువాత అదే తెలుగునేల నుండి, ఎడతెగని కృత్రిమ గ్రహణాన్ని కల్పించుకొనే పరికరం సూర్యుని వైపు ప్రయాణించింది.